కందిచేనులో పురుగు, తేనెటీగ

హైదరాబాదు నుండి గండిపేట మీదుగా శంకరపల్లికి పోయే త్రోవలో మోకిల అనే గ్రామం ఉన్నది. చేవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతాలు చాలకాలంగా జొన్నకు, కందికి, కూరగాయలకు పేరుపడినవి. నేడు మోకిలలో చేలకంటె ఇండ్ల వరుసలే ముందుగా కంటబడును. అయినా పడమరగా వికారాబాదు, తాండూరు వైపు సాగినకొద్దీ కంది కనిపిస్తూనే ఉంటుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కార్తిక, మార్గశిర మాసాలలో ఈ చేలు పసుపుపచ్చని పూతతో నిండి ఉండును.

ఆ పూతలో ఒక కొమ్మను ఎన్నుకొని పొద్దెక్కిన తరువాత పది నిమిషాలు నిలబడి చూచినవారికి రెండు కీటకాలు తటస్థపడును. ఒకటి శనగపచ్చ పురుగు. మొగ్గకు గాని, లేతకాయకు గాని కన్నంచేసి, తల లోపల పెట్టి, ఒడలు వెలుపల ఉంచి తింటూ ఉంటుంది. రెండవది రెక్కల చప్పుడుతో వచ్చి పూవు మీద వాలి, క్షణంలో మరొక పూవుకు పోయే తేనెటీగ. రైతు దృష్టి సహజంగా మొదటిదానిమీదనే నిలుచును. శాస్త్రజ్ఞుల దృష్టి కూడా చాలకాలం దానిమీదనే నిలిచింది. రెండవదానిని వారు మొదట పట్టించుకోలేదు, తరువాత విసుగుకొన్నారు, ఆ తరువాత దాని సాయంకోసం ఎదురుచూచారు. ఈ మార్పు చాలవరకు మోకిలకు ఉత్తరంగా, కాకిదారిన ఇరవై కిలోమీటర్లయినా లేని పటాన్‌చెరువులోనే జరిగింది.

కందిపూవు చిక్కుడు కుటుంబపు పూవు. వెనుక పెద్ద పతాకదళం, ఇరుప్రక్కల రెండు రెక్కలు, అడుగున పడవ ఆకారంలో కలిసిపోయిన రెండు దళాలు ఉండును. కేసరాలు, కీలం ఆ పడవలోనే దాగి ఉండును. పూవు విచ్చుకొనడానికి ఒకరోజు ముందే మొగ్గలోనే కేసరాలు పగిలి పుప్పొడి రాలును. ఈ సంగతి చూచినవారు కంది తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందే మొక్క అని అనుకొనడంలో వింత లేదు. కాని బీహారులోని పూసా పరిశోధనాలయంలో ఆల్బర్టు హోవర్డు, ఆయన భార్య గాబ్రియేల్ హోవర్డు, వారి సహచరుడు అబ్దుర్ రహమాన్ ఖాన్ భారతదేశపు పైరుల పరాగసంపర్కాన్ని పరిశీలించి 1919లో ప్రచురించిన వ్యాసంలో కంది సంగతి అంత సులభం కాదని తేల్చారు. ఒక రకం ప్రక్కన మరొక రకం వేస్తే, గింజలలో కొంతభాగం సంకరమై వస్తున్నది. కారణం తరువాతి పరిశోధకులు వివరించారు. స్వీయపుప్పొడి కీలాగ్రంమీద ముందుగానే పడినా, పూవు వాడనారంభించేవరకు అది సరిగా మొలకెత్తదు. ఈ వ్యవధిలో ఏ ఈగయో పరాయి పుప్పొడిని తెచ్చిందంటే దానికి అవకాశం దొరుకును. ఇట్టి సంకరం స్థలాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి నూటికి రెండు మూడు మొదలు నలభై వరకు ఉండవచ్చునని దేశంలో పలుచోట్ల జరిగిన పరీక్షలలో తేలింది.

అర్ధశుష్క మండలాల పైరులకోసం అంతర్జాతీయ పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, 1972లో పటాన్‌చెరువులో స్థాపింపబడింది. జొన్న, సజ్జ, శనగ, వేరుసెనగలతోపాటు కందిని కూడా అది తన బాధ్యతగా తీసుకొన్నది. దేశదేశాల కంది రకాలను సేకరించింది; అక్కడి విత్తన భాండాగారంలో నేడు పదమూడు వేలకు పైగా రకాలు ఉన్నవి. ఇన్ని రకాలను ప్రక్కప్రక్క మడులలో పెంచి, ఏ రకం విత్తనం ఆ రకంగానే నిలుపుకోవాలి. ఇక్కడనే తేనెటీగ తలనొప్పి అయింది. ఒక మడిలోని పుప్పొడిని మరొక మడికి మోసి, ఏళ్ళ తరబడి శుద్ధిచేసిన వంగడాన్ని ఒక్క కారులో కలగాపులగం చేయగలదు. అందుచేత కొమ్మలకు గుడ్డసంచులు తొడగడం, మొక్కలమీద వలలు కప్పడం తప్పలేదు.

ఇంతకూ పుప్పొడిని మోసేది ఎవరు? ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ పరిశోధనాలయానికి చెందిన ఇంగ్రిడ్ విలియమ్స్ ఇక్రిశాట్ పొలాలలో ఈ ప్రశ్నకు సమాధానం వెదికి 1977లో ప్రచురించారు. పూలమీద వాలే కీటకాలు అనేకమున్నా అన్నీ పనికివచ్చేవి కావు. కొన్ని అడుగునుండి కన్నంచేసి తేనె దొంగిలించి పోవును. పడవ దళాలను బరువుతో క్రిందికి వంచి, కేసరాలను కడుపుకు రాచుకొనేవి ముఖ్యంగా రెండు జాతులవి. ఒకటి పెద్దచెట్ల కొమ్మలకు, కొండరాళ్ళకు, నేడు ఎత్తయిన మేడలకు కూడా ఒంటి పట్టును వేలాడదీసే కొండతేనెటీగ. రెండవది గుంపుగా కాపురముండక, గోడల కన్నాలలోనో బోలు కాడలలోనో ఒంటరిగా గూడుకట్టే ఆకుకోత ఈగ. ఒక్కొక్క ఈగ ఒంటిమీద కొన్ని వేలు మొదలు లక్షకు పైబడి కంది పుప్పొడి రేణువులు లెక్కకు వచ్చినవి. గాలికి కంది పుప్పొడి ఎగురదు. అది బంకగా ఉండును. కంది సంకరం అంటే ఈగల పని అన్నమాట.

అదే కాలంలో అదే పొలాలలో కీటకశాస్త్రజ్ఞులు డబ్ల్యు. రీడ్, ఎస్. ఎస్. లతీఫ్ వేరొక లెక్క చూస్తున్నారు. వారి దృష్టి హెలికోవెర్పా ఆర్మిజెరా, అనగా శనగపచ్చ పురుగుమీద ఉన్నది. దాని తల్లి పురుగు రాత్రివేళ మొగ్గలమీద విడివిడిగా గుడ్లుపెట్టును. ఒక్కొక్కటి వేయికి పైగా పెట్టగలదు. కంది, శనగ, పత్తి, టమాటా, జొన్న, పొద్దుతిరుగుడు – దానికి కాని ఆహారం లేదు. కంది ఒక్కదానిలోనే ఈ పురుగువల్ల కలుగు నష్టం ఏటా 31 కోట్ల డాలర్లకు పైబడునని ఇక్రిశాట్ 1992లో అంచనా వేసింది. రీడ్, లతీఫ్‌లు కొంత పొలాన్ని ఏ మందూ చల్లకుండా పురుగుకు వదలిపెట్టి, అందులో వేలాది రకాలను పెంచి, ఏది కొంతకు కొంత నిలుచునో చూచారు. ఓపికతో కూడిన పని ఇది; వార్తలకెక్కే పని కాదు. ఆ పరీక్షలలో నుండి వచ్చిన ఐ.సి.పి.ఎల్. 332 అనే రకం 1989లో ఆంధ్రప్రదేశ్‌లో 'అభయ' అనే పేరుతో విడుదలయింది. పురుగు దానిని బొత్తిగా ముట్టదని కాదు, తక్కువ నష్టంతో బయటపడునని మాత్రమే. పేరు కొంచెం పెద్దదే పెట్టారు.

ఇక తేనెటీగ తలరాత మారిన ఘట్టం. 1974లో ఇక్రిశాట్ ప్రజనన శాస్త్రజ్ఞులు తమ వద్దనున్న వేలాది రకాలలో పుప్పొడి లేని మొక్కలకోసం వెదకసాగారు. కేసరాలు తెల్లబారి, అద్దంవలె పారదర్శకంగా ఉన్న కొన్ని మొక్కలు దొరికినవి. వాటిలో పుప్పొడి లేదు. కీలం మాత్రం ఆరోగ్యంగా ఉన్నది. బి. వి. ఎస్. రెడ్డి, జె. ఎం. గ్రీన్, ఎస్. ఎస్. బిసెన్ ఈ పురుషవంధ్యత్వాన్ని 1978లో ప్రకటించారు. దీనికి ఒకే ఒక అంతర్గత జన్యువు కారణమని తేలింది. మొక్కజొన్నలో, జొన్నలో ఇట్టి వంధ్య మొక్కలనుండి సంకర విత్తనం తీయడం అప్పటికే తెలిసిన విద్య. కాని అక్కడ పుప్పొడిని గాలి మోయును. పప్పుజాతి పూలు మూసుకొని ఉండును గనుక వాటిలో సంకర విత్తనం వ్యాపారరీతిని తీయడం సాధ్యం కాదనే అభిప్రాయం బలంగా ఉండేది. కందిలో మాత్రం మార్గం ఉన్నది. నిన్నటివరకు సంచులు తొడిగి తరిమిన ఈగనే ఇప్పుడు పిలవవలసి వచ్చింది. వంధ్య మొక్కల వరుసల మధ్య పుప్పొడిగల మగ వరుసలు వేసి, మిగిలిన పని ఈగలకు వదలిపెట్టారు.

ఈ విధంగా 1991లో ఐ.సి.పి.హెచ్. 8 అనే సంకర కంది విడుదలయింది. ప్రపంచంలో ఏ పప్పుధాన్యంలోనైనా రైతులకోసం వచ్చిన మొదటి సంకర వంగడం ఇదే. దిగుబడి సాధారణ రకాలకంటె నూటికి ముప్పై వరకు ఎక్కువగా కనిపించింది. అయినా అది నిలువలేదు. వంధ్యత్వానికి కారణం అంతర్గత జన్యువు కావడంచేత ఆడ వరుసలలో సగం మొక్కలు మాత్రమే వంధ్యమగును. తక్కిన సగం పుప్పొడి గలవి. ప్రతి మొక్కకూ మొదటి మొగ్గ రాగానే చిదిమిచూచి, పుప్పొడి ఉన్నదానిని పెరికివేయాలి. కూలీలతో ఎకరాలకు ఎకరాలు ఈ పని చేయించడం విత్తనవ్యాపారులకు గిట్టలేదు. తరువాత కె. బి. సక్సేనా, ఆయన సహచరులు కందికి దగ్గరి అడవి బంధువైన కజానస్ కజానిఫోలియస్ సహాయంతో, తల్లి కణద్రవ్యం ద్వారా వచ్చే పురుషవంధ్యత్వాన్ని సాధించి 2005లో ప్రకటించారు. దీనితో పెరికివేసే బాధ తీరింది. ఆ దారిన వచ్చిన ఐ.సి.పి.హెచ్. 2671 2010లో మధ్యప్రదేశ్‌లోను, ఐ.సి.పి.హెచ్. 2740 'మన్నెంకొండ కంది' పేరుతో 2015లో తెలంగాణలోను విడుదలయినవి. విత్తనపు పొలంలో నాలుగు ఆడ వరుసలకు ఒక మగ వరుస; చుట్టూ 500 మీటర్ల దూరంలో మరొక కందిచేను ఉండరాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆడ వరుసలో కాయ నిలవాలంటే ఈగ రావాలి. వచ్చిన కాయ దక్కాలంటే పురుగు పోవాలి. రెండూ ఒకే పూతమీద, ఒకే వారాలలో జరుగును. కందికి పూత ఒక్కసారి వచ్చిపోయేది కాదు. వారాల తరబడి సాగును. మొగ్గ, పూవు, కాయ ఒకే కొమ్మమీద కలిసి ఉండును. పురుగుకోసం చల్లిన మందు ఈగకు తగలకుండా ఉండే వేళ దాదాపు లేదు. వీలయితే సాయంకాలం, ఈగలు గూళ్ళకు మళ్ళిన తరువాత చల్లుట కొంత మేలు.

పైరుమందు తేనెటీగలను చంపుననే అనుమానం కొత్తది కాదు. అమెరికాలో పండ్లతోటలకు సంఖపాషాణపు మందులు చల్లసాగిన తరువాత 1890 ప్రాంతాలలో ఎఫ్. ఎం. వెబ్‌స్టర్ అనే కీటకశాస్త్రజ్ఞుడు, పూతమీద మందు చల్లిన చెట్లకు వచ్చిన తేనెటీగలు ఆ విషంచేతనే చచ్చుచున్నవని పరీక్షలు చేసి రుజువుచేశాడు. అప్పటికి చాలమంది దానిని నమ్మలేదు. తేనెటీగకు విషం రెండు మార్గాల సోకును. ఒంటికి తగిలి వెంటనే చచ్చేది ఒకటి. రెండవది నిదానమైనది: పుప్పొడితో, తేనెతో కలిసి గూటికి చేరి, అక్కడి పిల్లపురుగులకు ఆహారమగును. ఈగ పొలంలోనే చచ్చిపోతే కనీసం దాని శవం కనబడును. రెండవ రకం నష్టానికి లెక్క తీయడం కష్టం.

పురుగు మాత్రం విషానికి అలవాటుపడింది. 1987–88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు ఎన్నిమార్లు మందు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. పంట పోయింది, అప్పు మిగిలింది, ఆత్మహత్యలు జరిగినవి. ఆంధ్రప్రదేశ్ నుండి సేకరించిన పురుగులను పరీక్షించి ఎ. ఆర్. మెక్‌కాఫరీ, ఇతరులు 1989లో చెప్పిన మాట ఏమనగా, పైరెత్రాయిడ్ జాతి మందులకు ఈ పురుగులలో నిరోధకశక్తి ఏర్పడినది. తరువాత ఇక్రిశాట్‌లో ఎన్. జె. ఆర్మ్స్, డి. ఆర్. జాదవ్ మొదలైనవారు దక్షిణ భారతంలో ఈ నిరోధకశక్తి వ్యాపించిన తీరును సంవత్సరాల తరబడి గుర్తించారు.

మరి ఈగకు ఆ అలవాటు ఎందుకు రాలేదు? ఇందుకు కొంత సమాధానం 2006లో తేనెటీగ జన్యుపటం వెల్లడియైనప్పుడు దొరికింది. కీటకపు శరీరంలో విషాన్ని విరిచివేసే ఎన్జైములలో పి-450 అనే వర్గం ముఖ్యమైనది. పండ్లమీద ముసిరే చిన్న ఈగకు ఇట్టి జన్యువులు 85 వరకు ఉండగా తేనెటీగకు 46 మాత్రమే ఉన్నవి. శనగపచ్చ పురుగుకు నూటికి పైబడి ఉన్నట్లు తరువాత తేలింది. ఊహించదగినదే. నూరు రకాల ఆకులు, కాయలు, వాటిలోని చేదు, వగరు, విషం అన్నీ తిని అరిగించుకొనే పురుగు అది. తేనెటీగ తినేది తేనె, పుప్పొడి. మొక్కలు కోరి పెట్టే విందు. విందులో విషముండునని దాని వంశం ఎన్నడూ ఎరుగదు.

కనుక ఈగను విడిచి పురుగును మాత్రమే పట్టే ఉపాయాలమీద దృష్టి మళ్ళింది. వాటిలో ఒకటి వైరసు. శనగపచ్చ పురుగుకు మాత్రమే సోకే ఒక వైరసు ఉన్నది. సోకిన పురుగు మొక్క కొనకు ప్రాకి, తలక్రిందులుగా వేలాడుతూ చచ్చును. అట్టి పురుగులను నూరి, నీటిలో కలిపి, వడకట్టి చల్లితే తక్కినవాటికి రోగం అంటుకొనును. తేనెటీగకు దానివల్ల హాని లేదు. మరొకటి ఇంతకంటె పాతది, రైతులదే. కంది మొక్కలను ఒడిసిపట్టి దులిపితే పురుగులు జలజల రాలును; క్రింద పట్టా పరచి వాటిని పోగుచేయవచ్చును. జి. వి. రంగారావు మొదలైన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని పరిశీలించి, ఇతర ఉపాయాలతో కలిపి రైతులకు చెప్పినారు. చేతికి పని ఎక్కువే. ఈగకు మాత్రం ఏ కీడూ లేదు.

మూడవది మొక్కలోనే మందు పుట్టించడం. దీని కథ సోయాగింజతో మొదలగును. ఏ జంతువైనా మాంసకృత్తులను అరిగించుకొనడానికి ట్రిప్సిన్ వంటి జీర్ణరసాలు కావాలి. సోయాగింజలో ట్రిప్సిన్‌ను పట్టి పనిచేయకుండా ఆపే పదార్థం ఉన్నదని తెలిసిన తరువాత మోజెస్ కునిట్జ్ దానిని 1940లలో శుద్ధస్ఫటికాలుగా వేరుచేశాడు. సోయాను పచ్చిగా తినక ఉడికించి తినడానికి ఒక కారణం ఇదే. 1972లో గ్రీన్, క్లారెన్స్ రయన్ మరొక విశేషం గమనించారు. బంగాళదుంప, టమాటా ఆకులను పురుగు కొరకగానే మొక్క తనంతట తానే ఇట్టి నిరోధకాలను తయారుచేయును. తిన్నది అరగక పురుగు ఎదుగుదల తగ్గును. 1987లో ఇంగ్లండులోని డర్హమ్ శాస్త్రజ్ఞులు అలసంద నిరోధకపు జన్యువును పొగాకు మొక్కలోనికి ఎక్కించి చూపారు. ఆ త్రోవలోనే ఇక్రిశాట్‌లో కందిలోనికి రెండు జన్యువులను వేరువేరుగా ప్రవేశపెట్టారు: ఒకటి నేలలోని బాసిల్లస్ బాక్టీరియానుండి తీసిన క్రై జన్యువు, రెండవది సోయా ట్రిప్సిన్ నిరోధకపు జన్యువు.

వెంటనే తేనెటీగ ప్రశ్న లేచింది. పసుపుపచ్చని పుప్పొడిలో ఆ నిరోధకం చేరితే ఏమగును? గూటిలో వయసు తక్కువగల కూలి ఈగలు దాదులవలె పనిచేయును. అవి పుప్పొడిని దండిగా తిని అరిగించుకొని, తలలోని ఒక జత గ్రంథులలో పాలవంటి ఆహారాన్ని తయారుచేసి పిల్లపురుగులకు పోయును. ఆ అరుగుదలకు కావలసినది కూడా ట్రిప్సిన్ జాతి రసాలే. పురుగు కడుపుకు వేసిన తాళం దాది ఈగ కడుపుకు కూడా సరిపోవచ్చును.

అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో రమేశ్ సగిలి, టాన్యా పాంకివ్, కేయన్ జూ-సాల్జ్‌మన్ ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టి 2005లో ఫలితం ప్రచురించారు. అప్పుడే గదులనుండి వెలువడిన ఈగలను చిన్న బోనులలో ఉంచి, పుప్పొడి ఆహారంలో సోయా నిరోధకాన్ని నూటికి 0.1, 0.5, 1 వంతుల చొప్పున కలిపి మేపారు. నూటికి ఒకవంతు తిన్నవాటిలో కడుపులోని జీర్ణరసపు శక్తి తగ్గింది. దాది గ్రంథులలోని మాంసకృత్తులు తగ్గినవి. ముప్పై రోజులలో బ్రతికి మిగిలినవి కూడా వాటిలోనే అతి తక్కువ. తక్కువ మోతాదులు తిన్నవాటి గ్రంథులలో మామూలు ఈగలకంటె చెప్పుకోదగిన తేడా లేదు. ఇందులో గమనించవలసినది దాది గ్రంథుల సంగతి. ఈగ చావలేదు, తిరుగుతూనే ఉన్నది. కాని దాని చేత పాలు త్రాగవలసిన పిల్లలకు పాలు చాలవు. చచ్చిన ఈగలను మాత్రమే లెక్కించే పరీక్షలో ఇది బయటపడదు. సగిలి తరువాత ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చేరి, 2009 నుండి అక్కడ తేనెటీగల ఆరోగ్యంపై పరిశోధన సాగించారు.

క్రై మాంసకృత్తు సంగతి వేరు. అది గొంగళిపురుగు కడుపులో మాత్రమే తగిన చోటు పట్టి పనిచేయును. తేనెటీగలమీద జరిగిన 25 పరీక్షల ఫలితాలను కలిపి 2008లో డువాన్, ఇతరులు పరిశీలించగా ఈగల బ్రతుకుకు హాని కనిపించలేదు. ఇంతకూ సోయా నిరోధకం పురుగుమీదనైనా పూర్తిగా నెగ్గినదా అంటే, అదీ లేదు. శనగపచ్చ పురుగు కడుపులో ట్రిప్సిన్ జాతి రసాలు ఒకటి రెండు కాక అనేకం. ఒకటి పట్టుబడితే పట్టుబడని మరొకదానిని అది ఎక్కువగా ఊరించుకొనును. జన్యుమార్పిడి కంది ఏదీ మన దేశంలో రైతుల చేతికి రాలేదు.

ఇక పూతమీదికి వచ్చే ఈగలు ఎవరివి? చెట్టుతొర్రలలో ఉండి, పెట్టెలలో పెంచదగిన మన దేశపు తేనెటీగను 1991–92 ప్రాంతాలలో థాయి సంచిరోగమనే వైరసు తగిలి దక్షిణ భారతంలో పట్టులకు పట్టులు ఖాళీచేసింది. 1976లో థాయిలాండులో మొదట కనిపించిన ఆ రోగానికి చిక్కి కేరళ, కర్ణాటక, తమిళనాడులలో నూటికి తొంబై పట్టులు పోయినవని అంచనా. ఐ.సి.పి.హెచ్. 8 వచ్చిన కాలమే అది. కొండతేనెటీగను పెట్టెలో పెంచడం ఎవరి తరమూ కాదు. రాను రాను ఎండలు ముదరగానే పట్టు విడిచి వలసపోవును. మిగిలినది ఆకుకోత ఈగ. దాని దగ్గరి జాతి ఒకదానిని అమెరికాలో చెక్కలకు కన్నాలు తొలిచి, ఆ కన్నాలలో గూళ్ళు కట్టించి, లూసర్న్ గడ్డి విత్తనపు చేలకు బండ్లమీద తరలించి పెంచుచున్నారు. మన కందిచేలకు వచ్చేది మాత్రం పాత మట్టిగోడల కన్నాలలోను, చేనిగట్టుమీది ఎండుకాడలలోను తనంతట తాను గూడుకట్టుకొనేదే. విత్తనపు పొలం వేసేవారు ముందుగా ఈగలు దండిగా తిరిగే చోటును వెదకికొనవలసి ఉన్నది.